చెయ్యి దిగేదాకా

తాతబ్బాయిగారు నన్ను మొదటిరోజు కొట్టలేదు. రెండోరోజు నుంచి మొదలుపెట్టారు. మొదటిరోజు కొట్టకపోవడానికి కారణం మా నాన్న పక్కనే ఉండటం.

మా నాన్నకి రావులపాలెం సెంటర్లో సెలూన్ ఉండేది. రెండు కుర్చీలు, ఒక రేడియో. నేను పదో తరగతి లెక్కల్లో తప్పాక నాకోసం మూడో కుర్చీ వేయిద్దామని ఆయన ఆలోచన. నాకేమో చిన్నప్పటి నుంచీ డోలు పిచ్చి. మా కులంలో కత్తెరా మేళమూ రెండూ ఉన్నవే కాబట్టి నాన్న పెద్దగా గొడవ చెయ్యలేదు. "నేర్చుకుంటే తాతబ్బాయి దగ్గర నేర్చుకో. లేదా వచ్చి కత్తెర పట్టుకో" అని, తొంభై అయిదు శ్రావణంలో నన్ను కొత్తపేట తీసుకెళ్ళి ఆయన అరుగు మీద కూర్చోబెట్టాడు.

తాతబ్బాయిగారు వాయించేది సన్నాయి. ఆయన సన్నాయి లేకుండా పెళ్ళి చేసుకున్నవాళ్ళు కూడా కోనసీమలో కాపురాలు చేశారు గానీ, ఆ సంగతి ఆయన ఎదుట అనగలిగినవాడు లేడు. ఒకప్పుడు జట్టులో అయిదుగురు ఉండేవారట. రెండో సన్నాయి ఆయన నోటికి తట్టుకోలేక మేళమే మానేసి కాకినాడలో కిళ్ళీకొట్టు పెట్టుకున్నాడు. డోలు వాయించే సొంత బావమరిది ఒకసారి పెళ్ళిపందిట్లోనే డోలు దింపి బస్సెక్కేశాడు. తాళం వేసేవాడు ఎటుపోయాడో ఎవరికీ తెలీదు. శ్రుతి పట్టే ముసలాయన పోతే, ఆ చోటుకి కరెంటు శ్రుతిపెట్టె కొన్నారు. "మొత్తం జట్టులో ఇదొక్కటే బుద్ధిగలది" అనేవారు దాన్ని చూపించి. ఇక ఆయనకి కావలసింది ఒక డోలు, పారిపోని డోలు. దాన్ని తనే తయారుచేసుకుందామని నన్ను పెట్టుకున్నారు.

ఏడాదిపాటు నన్ను డోలు ముట్టుకోనివ్వలేదు. తాటిదూలం ముక్క ఒకటి ముందు పెట్టి, ఎడమచేతికి పుల్ల ఇచ్చి, కుడిచేతి వేళ్ళకి గంజిగుడ్డతో గట్టిగా చేసిన తొడుగులు వేసి వాయించమన్నారు. తొడుగుల కింద వేళ్ళు ముందు ఉబ్బేవి, తర్వాత పగిలేవి, ఆ తర్వాత మొద్దుబారేవి. మొద్దుబారాక సుఖంగా ఉండేది. కాఫీగ్లాసు వేడిగా ఉందో లేదో ఎడమచేత్తో పట్టుకుని చూసుకోవడం నాకు అప్పుడే అలవాటైంది.

రెండో ఏడు డోలు ఇచ్చారు. మూడో ఏడు గట్టిమేళం.

పెళ్ళిలో మిగతా మేళమంతా వినడానికి. గట్టిమేళం మాత్రం ఇంకేదీ వినపడకుండా చెయ్యడానికి. తాళి కట్టే వేళ ఎవరో తుమ్మిందీ, ఏ ముసలమ్మో ఏడ్చిందీ పీటల మీద ఉన్నవాళ్ళ చెవిన పడకూడదు. పంతులుగారి చెయ్యి లేచిందంటే అందుకోవాలి. ఆ చెయ్యి దిగేదాకా ఆపకూడదు. మధ్యలో ఆగిందా, ఇక ఆ జంటకి ఏ చిన్న కష్టమొచ్చినా ముప్పై ఏళ్ళపాటు మేళగాళ్ళని తలుచుకుని తిడతారు. అప్పుడు ఆ ఊళ్ళో మళ్ళీ మనకి మేళం ఉండదు.

ఇదంతా ఎవరైనా నోటితో చెప్పేస్తారు. తాతబ్బాయిగారు చేత్తో చెప్పేవారు. ఎదురుగా కూర్చుని చెయ్యి పైకెత్తేవారు. నేను వాయిస్తూ ఉండాలి, ఆయన చేతినే చూస్తూ ఉండాలి. వెనకనుంచి ఆయన భార్య మహాలక్ష్మమ్మగారి చేత ఇత్తడి పళ్ళాలు కింద పడేయించేవారు. మెడ మీద చన్నీళ్ళు పోయించేవారు. పాపం ఆవిడ పోసేముందు "ఏమనుకోకు నాయనా" అనేది. తల తిప్పానా, చెవి మీద పుల్లతో ఒక్కటి పడేది.

ఒకరోజు చెయ్యి ఎత్తి, నేను బాగా ఊపులో ఉండగా, మామూలు గొంతుతో అన్నారు. "ఒరేయ్, మీ నాన్నని లారీ గుద్దేసిందంట. వంతెన దగ్గర. ఇప్పుడే కబురొచ్చింది."

నా చేతులు ఆగిపోయాయి. డోలు మెడలో ఉండగానే లేచి నిలబడ్డాను.

ఆయన పుల్ల అందుకుని నా కుడి బొటనవేలి మీద కొట్టారు. "లారీ లేదు గీరీ లేదు, కూర్చో. చెయ్యి దిగిందా?"

"లేదండి."

"మరి లేచావేంటి, చవటా? నాన్న పోతే పోయాడు. పెళ్ళి మీ నాన్నది కాదు కదా."

ఆ గోరు నల్లబడి పదిరోజులకి ఊడిపోయింది. మూడునెలల తర్వాత మళ్ళీ ఒకరోజు చెయ్యి ఎత్తి, మా అమ్మ నూతిలో పడిందన్నారు. నేను వాయిస్తూనే ఉన్నాను. ఆయన చాలాసేపు చెయ్యి దించలేదు. దించాక, "రేపు తొడుగులు కొత్తవి చేసుకో" అని లోపలికి వెళ్ళిపోయారు. ఆ రోజు సాయంత్రం ఇంటికెళితే అమ్మ గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుతోంది. చూశాను. అబద్ధమని తెలిసి సంతోషించాలి కదా. ఏమీ అనిపించలేదు. ఆకలిగా ఉందని చెప్పి లోపలికి వెళ్ళాను.

నాకు కావలసింది చాలా చిన్నది. ఆయన నోటితో ఒక్కసారి "బాగుంది" అనాలి. నాలుగేళ్ళు దానికోసమే ఉన్నాను. పెళ్ళిళ్ళలో ఎవరెవరో వచ్చి భుజం తట్టేవాళ్ళు. ఒక మేజిస్ట్రేటుగారు కుర్చీలోంచి లేచి వచ్చి మరీ మెచ్చుకున్నాడు. అవేవీ నాకు అంటలేదు. ఒకసారి మహాలక్ష్మమ్మగారితో అంటే ఆవిడ నవ్వేసింది. "ముప్పై ఏళ్ళనుంచి వండిపెడుతున్నాను నాయనా. ఆ మాట నేనే వినలేదు, నువ్వెక్కడ వింటావు!"

తొంభైతొమ్మిది వైశాఖంలో ఆత్రేయపురంలో పెళ్ళి. పెళ్ళికూతురు దుర్గాశ్రీ, పెద్ద రైతు ఒక్కగానొక్క కూతురు. ముహూర్తం పొద్దున్న పదింటి తర్వాత. తొమ్మిదికే పందిట్లో ఉక్కపోత. టిఫిన్ల దగ్గర తాతబ్బాయిగారి కుడిచేతిలోంచి కాఫీగ్లాసు జారి పంచె మీద పడింది. "గ్లాసు సరిగ్గా కడిగి చావలేదు వెధవలు" అన్నారు. నేను పంచె తుడిచాను. ఇంకేమీ అనుకోలేదు.

జీలకర్రా బెల్లం బాగానే అయ్యింది. తాళి వేళకి పంతులుగారు చెయ్యి ఎత్తి "గట్టిమేళం, గట్టిమేళం" అన్నారు. ఇద్దరం అందుకున్నాం. పూలదండలు అడ్డంపడి పెళ్ళికొడుక్కి ముళ్ళు పడటం లేదు. వెనకనుంచి ఆడవాళ్ళు జడ ఎత్తి పట్టుకుంటున్నారు, అందరూ అక్షింతలు విసురుతున్నారు. అందరి కళ్ళూ అక్కడే. అప్పుడు సన్నాయి తప్పింది. తాతబ్బాయిగారి సన్నాయి తప్పడం నేనెప్పుడూ వినలేదు. ఒక్క స్వరం కిందికి జారింది, తర్వాత వట్టి గాలి వచ్చింది, తర్వాత అదీ లేదు.

తల తిప్పి చూశాను. ఆయన పందిరి రాటకి జారగిలబడి మెల్లగా కిందికి వాలిపోతున్నారు. సన్నాయి ఒళ్ళో పడి ఉంది. నోరు ఒక పక్కకి లాగేసింది. కళ్ళు మాత్రం నా మీదే ఉన్నాయి.

ఇదీ పరీక్షే అనుకున్నాను. ఆ అనుకోవడం ఎంతసేపు ఉందో నాకు బాగా తెలుసు, డోలు మీద రెండు దెబ్బలసేపు. ఆ పెదవి వంక చూశాక పరీక్ష కాదని తెలిసిపోయింది. ఎవరూ పెదవిని అలా కావాలని పెట్టలేరు. అది తెలిసే, తల పంతులుగారి వైపు తిప్పుకున్నాను. చెయ్యి ఇంకా పైనే ఉంది. సన్నాయి లేని లోటు తెలియకుండా ఇంకా గట్టిగా అందుకున్నాను. నా బతుకులో అంత బాగా ఎప్పుడూ వాయించలేదు. ఆ సంగతి వాయిస్తుండగానే నాకు తెలుస్తోంది.

మూడో ముడి పడింది. చెయ్యి దిగింది. ఆపాను. అప్పుడు "అయ్యో, గురువుగారండీ!" అని కేకవేశాను.

జనం పరిగెత్తుకొచ్చారు. పెళ్ళివారి కారులోనే ఆయన్ని ఎక్కించుకుని బ్యారేజీ మీదుగా రాజమండ్రి తీసుకెళ్ళారు. నేనూ కారెక్కబోతుంటే పెళ్ళికూతురి తండ్రి నా చెయ్యి పట్టుకున్నాడు. "బాబూ, ఆయన్ని మావాళ్ళు చూసుకుంటారు. తలంబ్రాలున్నాయి, అప్పగింతలున్నాయి. మేళం లేకుండా ఎలాగమ్మా? నువ్వుండిపో." ఉండిపోయాను. తలంబ్రాలకి వాయించాను. అప్పగింతలప్పుడు పెళ్ళికూతురు తండ్రిని పట్టుకుని ఏడుస్తుంటే ఒక్క డోలే మెల్లగా వాయించాను. మధ్యలో భోజనం కూడా చేశాను. పనసపొట్టు కూర బాగుంది, రెండోసారి వడ్డించుకున్నాను.

సాయంత్రం ఆస్పత్రికి వెళితే వరండాలో మహాలక్ష్మమ్మగారు ఉన్నారు. "ఎంతసేపటికి చూశావు నాయనా?" అని అడిగారు. తప్పు పట్టడానికి కాదు, ఊరికే, జరిగింది తెలుసుకుందామని.

"నేను చూడలేదండి. నా కళ్ళు పంతులుగారి చేతి మీద ఉన్నాయండి. ఆపాకే చూశాను."

"నువ్వు చూసుంటే ఆపేవాడివే. నాకు తెలీదూ?" అని నా తల నిమిరింది.

ఆ మాటకి నేను సిగ్గుపడాలి. పడలేదు. పడాలని మాత్రం తెలిసింది, బడిలో పాఠం తెలిసినట్టు.

డాక్టరుగారు పక్షవాతమన్నారు. కుడివైపు చెయ్యీ కాలూ పోయాయి, మాట పోయింది. "ఒకట్రెండు నిమిషాలకి తేడా ఏమీ ఉండదు, పడ్డప్పుడే పడింది" అని కూడా అన్నారు. ఆ ఒక్క మాట నేను భద్రంగా దాచుకున్నాను. ఎవరు పలకరించినా అదే చెప్పేవాణ్ణి. ఆయన ఆరోగ్యం గురించి చెబుతున్నాననుకునేవారు.

పెళ్ళిలో జరిగింది చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ పాకింది. పక్కన గురువు పడిపోయినా తెలియనంత దీక్ష అట నాది. ఆ కుర్రాడి మేళమైతే మధ్యలో ఆగదు అన్నారు. ఆ శ్రావణానికి నాకు తీరిక లేదు. పాలకొల్లు నుంచి బుల్లిరాజు అనే సన్నాయి అతన్ని తెచ్చుకున్నాను. మెత్తటి మనిషి, నన్ను "అశోక్ గారూ" అనేవాడు. శివరాత్రికి పట్టిసీమలో వీరభద్రుడి కల్యాణానికి కూడా మమ్మల్నే పిలవబోతున్నారని కబురొచ్చింది. ఇరవై ఏళ్ళకి నాకు సొంత జట్టు. మొదట్లో ఇదంతా ఇంకెవరికో జరుగుతున్నట్టుండేది. తర్వాత అలా కూడా అనిపించడం మానేసింది.

ఆదివారం ఆదివారం కొత్తపేట వెళ్ళి ఆయనకి గడ్డం గీసేవాణ్ణి. అది మా నాన్న సెలూన్లో నేర్చిన పని. నురగ రాసి, కుడిచెంప వాలిపోయి ఉంటుంది కాబట్టి ఎడమచేత్తో పైకి లాగిపట్టుకుని గియ్యాలి. ఆయన చూరు వంక చూస్తూ పడుకునేవారు. నెలలు గడిచేకొద్దీ కొన్ని మాటలు తిరిగొచ్చాయి. నీళ్ళు, చాలు, ఫ్యాను, మహాలక్ష్మీ. నాతో మాత్రం ఒక్కటీ లేదు. వెళ్ళగానే గుమ్మంలోనే అడిగేవాణ్ణి. "ఇవాళ ఏమైనా మాట్లాడారాండీ?" మహాలక్ష్మమ్మగారు నాకెంత బెంగో అనుకునేది. నా భయం వేరు. నేను చూశానని తెలిసినవాడు ఈ లోకంలో ఒక్కడే. ఆయనకి గుర్తుందో లేదో నాకు తెలీదు. గుర్తున్నా చెప్పలేడు. చెప్పలేనంతకాలం నాకు ఫరవాలేదు. ఆయనకి నయం కావాలని ఒక్కసారి కూడా దేవుడికి దణ్ణం పెట్టుకోలేదు.

మాఘమాసంలో దుర్గాశ్రీ తండ్రి ఆయన్ని చూడటానికి వచ్చాడు. చేతిలో పూతరేకుల పెట్టె, పెళ్ళి వీడియో క్యాసెట్టు. "మేస్టారి ఆఖరి మేళం ఇందులో ఉందండి. కాపీ తీయించాను మీకోసం" అన్నాడట. అని, నాలిక్కరుచుకుని, "ఆఖరిదంటే, ఇప్పటికి ఆఖరిదని" అన్నాడట. మహాలక్ష్మమ్మగారు ఆ మాట నాతో చెప్పి నవ్వి, కళ్ళు తుడుచుకుంది.

నేను వెళ్ళేసరికి టీవీకి వీసీపీ తగిలించి ఉంది. పక్కింటివాళ్ళు ఇచ్చారట. తాతబ్బాయిగారిని దిళ్ళ మీద ఆనించి కూర్చోబెట్టారు. "నీకోసమే ఆగాం నాయనా. ఆయన వాయించింది ఆయనకి చూపిద్దాం. గడ్డం తర్వాత గీద్దువుగాని" అంది ఆవిడ. పని ఉందని చెప్పి వెళ్ళిపోవచ్చు. వెళ్ళాలని అనుకున్నాను కూడా. కానీ కూర్చున్నాను.

వీడియో అతను అన్నిటికీ సినిమా పాటలు వేసి, పెళ్ళికొడుకు మొహం చుట్టూ గులాబీలు తిప్పాడు. తాళి దగ్గర మాత్రం పాట తీసేసి మేళమే ఉంచాడు. తెర మధ్యలో పెళ్ళివాళ్ళు. కుడిపక్క చివర, రాట దగ్గర, మేమిద్దరం. సన్నాయి వినపడగానే మహాలక్ష్మమ్మగారు కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. అందుకని ఆవిడ చూడలేదు.

నేను చూశాను. తెరమీద ఆయన వాలిపోతున్నారు. తెరమీద నేను తల తిప్పాను. ఆయన్ని చూస్తున్నాను. మూలన టైము అంకెలు మారుతున్నాయి. నాలుగు సెకన్లు చూశాను. తర్వాత తల అటు తిప్పుకుని, చెయ్యి ఇంకొంచెం పైకి లేపి వాయించాను. నా మొహంలో భయం లేదు, కంగారు లేదు, కోపం కూడా లేదు. సినిమా టికెట్టు కోసం లైన్లో నిలబడ్డవాడి మొహంలా ఉంది. కోపమైనా ఉండి ఉంటే బాగుండేది. నాలుగేళ్ళు కొట్టాడు కాబట్టి పగ తీర్చుకున్నానని నాకు నేనైనా చెప్పుకునేవాణ్ణి.

తాతబ్బాయిగారు ఎడమచేత్తో టీవీ చూపించారు. "వెనక్కి."

తొమ్మిది నెలల తర్వాత నాతో అన్న మొదటి మాట అది. నేనే లేచి బటన్ నొక్కి టేపు వెనక్కి తిప్పాను. చూశారు. "వెనక్కి." మళ్ళీ తిప్పాను. మళ్ళీ చూశారు. మూడోసారి కూడా అయ్యాక "చాలు" అన్నారు.

మహాలక్ష్మమ్మగారు ముక్కు తుడుచుకుంటూ వేణ్ణీళ్ళు తెచ్చిపెట్టి, కాఫీ కలపడానికి వంటింట్లోకి వెళ్ళింది. నేను తువ్వాలు ఆయన మెడ చుట్టూ కప్పి, నురగ రాయడం మొదలుపెట్టాను.

"చూశావు" అన్నారు. మాట ముద్దగా వచ్చింది గానీ తెలుస్తోంది.

"చూశానండి."

ఆయన కాసేపు ఊపిరి తీసుకున్నారు. మాటకీ మాటకీ మధ్య నేను బ్రష్షు రెండుసార్లు తిప్పేంత ఆలస్యమవుతోంది. "నేనూ... నిన్నే చూశాను. చూశాడు గదా... వస్తాడనుకున్నాను."

నేర్పింది మీరే కదండీ అనొచ్చు. ఆ జవాబు తొమ్మిది నెలలనుంచి నా దగ్గర సిద్ధంగా ఉంది, రోజూ పడుకునేముందు ఒకసారి చెప్పుకుని చూసుకునేవాణ్ణి. అబద్ధం కూడా కాదు. కానీ ఆయన నన్ను చూస్తున్న చూపు గురువు చూపు కాదు. సంతలో తప్పిపోయిన పిల్లాడు అలా చూస్తాడు. ఆ చూపుకి ఆ జవాబు అతకలేదు.

"రావాలనిపించలేదండి" అన్నాను.

ఆయన తిడతారని ఆగాను. నాలుగేళ్ళలో ఏనాడూ కోరుకోనంతగా ఆ తిట్టు కోసం ఎదురుచూశాను. ఎడమచెయ్యి బాగానే ఉంది కదా, చెంప మీద ఒకటి కొట్టినా సరిపోయేది.

"భయమేసిందిరా నాకు" అన్నారాయన.

కళ్ళ నీళ్ళు కారి నురగలో కలిశాయి. తుడుచుకోవడానికి ఆయన ఎడమచెయ్యి తువ్వాలు కింద ఉండిపోయింది. నేను తుడిచాను. తుడుస్తున్న వేళ్ళకి తడి తెలియలేదు. లోపల ఏదైనా కదులుతుందేమోనని కత్తి పట్టుకుని కాసేపు అలాగే ఆగాను. వంటింట్లోంచి ఆవిడ, "పంచదార ఎంతెయ్యమంటావు నాయనా?" అని కేకేసింది. "రెండు చెంచాలండి" అన్నాను. నా గొంతు ఎప్పట్లాగే ఉంది.

ఆయన గడ్డం పైకెత్తి, మెడ నాకిచ్చి, కళ్ళు మూసుకున్నారు. కత్తి ఆనించాను. చెయ్యి వణికితే బాగుండునని అనుకున్నాను. వణకలేదు. ఎక్కడా ఒక్క గాటు పడకుండా గీసి, మొహం కడిగి, తువ్వాలు దులిపి ఆరేశాను.